నిస్సహాయ వయోజనుల రక్షణ: వేధింపు, నిర్లక్ష్యం, చట్టం

పద్దెనిమిదేళ్లు దాటినా వయసు వల్లో, జబ్బు వల్లో, వైకల్యం వల్లో తమను తాము కాపాడుకోలేని స్థితిలో ఉన్నవారిని వేధింపు నుంచీ నిర్లక్ష్యం నుంచీ కాపాడేందుకు కుటుంబం, సమాజం, ప్రభుత్వం చేసే ఏర్పాట్లన్నీ ఈ శీర్షిక కిందికి వస్తాయి. మంచం పట్టిన ముసలివారు, మతిమరుపు వ్యాధి ముదిరినవారు, మానసిక రోగులు, మేధో వైకల్యం ఉన్న యువతీయువకులు, ప్రతి పనికీ మరొకరి మీద ఆధారపడే దివ్యాంగులు ఇందులో ముఖ్యులు. పిల్లల రక్షణలో పెద్దలు నిర్ణయం తీసుకుంటే సరిపోతుంది. ఇక్కడ రక్షణ అవసరమైన మనిషికి ఓటుంది, ఆస్తి ఉంది, సంతకం పెట్టే హక్కుంది, ‘నాకేమీ వద్దు, నన్నిలా వదిలేయండి’ అనే హక్కు కూడా ఉంది. ఆ హక్కును లాక్కోకుండా మనిషిని కాపాడటమెలా అన్నదే ఈ రంగంలో చిక్కంతా.

భారతదేశంలో ఈ అవసరానికి ఒకే చట్టమంటూ లేదు. వయసు మళ్లినవారికి ఒకటి, మానసిక రోగులకు ఒకటి, దివ్యాంగులకు మరొకటి ఉన్నాయి. వాటిలో జనానికి ఎక్కువగా తెలిసినది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం.

గుర్తింపు

ముసలివారిని ఇంట్లోవాళ్లే కొట్టడం, అన్నం పెట్టకుండా మాడ్చడం ఎప్పటి నుంచో ఉన్నదే. వైద్య పత్రికలు పట్టించుకున్నది మాత్రం ఆలస్యంగా. అమెరికాలో హెన్రీ కెంప్ బృందం పిల్లల ఒంటి మీది దెబ్బల గురించి రాసింది 1962లో. ముసలివారి ఒంటి మీది దెబ్బల గురించి బ్రిటన్‌లో బేకర్, బర్‌స్టన్ అనే ఇద్దరు వేర్వేరుగా రాసింది 1975లో. 2002 నాటి టొరంటో ప్రకటన వేధింపుకు ఇచ్చిన నిర్వచనం నేటికీ వాడుకలో ఉంది. నమ్మకం ఉండాల్సిన సంబంధంలో, ముసలి మనిషికి హాని లేదా బాధ కలిగించే పని చేయడమూ, చేయాల్సిన పని చేయకపోవడమూ రెండూ వేధింపే అని దాని సారం. ఈ రెండో భాగమే కీలకం. ‘మేం ఒక్క దెబ్బ వేయలేదండీ’ అనే కొడుకు మాట నిజమే కావచ్చు, నిర్లక్ష్యం జరిగి ఉండనూ వచ్చు. జూన్ 15ను వృద్ధుల వేధింపుపై అవగాహన దినంగా 2006 నుంచి పాటిస్తున్నారు. ఐక్యరాజ్యసమితి దాన్ని 2011లో గుర్తించింది.

28 దేశాల్లో జరిగిన 52 అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ ప్రకారం, అరవై దాటినవారిలో ఆరుగురిలో ఒకరు అంతకు ముందటి ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపుకు గురయ్యారు. మాటలతో, బెదిరింపులతో బాధపెట్టడం 11.6 శాతంతో ముందుంది. డబ్బు దోపిడీ 6.8, నిర్లక్ష్యం 4.2, కొట్టడం 2.6, లైంగిక హింస 0.9 శాతం. అడిగితే చెప్పగలిగినవారి లెక్కలివి. మతి తప్పినవారు, నోట మాట రానివారు ఇలాంటి సర్వేలకు దొరకరు.

ఇంట్లో జరిగేది

తెలుగు పల్లెల్లో ఆస్తి పంపకాలు అయ్యాక తల్లిదండ్రులను కూడా పంచుకోవడం మామూలు. నెలకొకరి దగ్గర వంతు, లేదా అమ్మ పెద్దవాడి దగ్గర, నాన్న చిన్నవాడి దగ్గర. అన్ని వంతులనూ వేధింపనలేం, సవ్యంగా నడిచే ఇళ్లూ ఉన్నాయి. ముప్పయ్యో తేదీ రాత్రి ‘రేపటి నుంచి నీ వంతు’ అని ఒకరు, ‘నెలకు ముప్పై ఒకటి ఉన్నాయిగా’ అని మరొకరు వాదులాడుకుంటుంటే ఆ మాటలు వింటూ అరుగు మీద కూర్చున్న మనిషి పరిస్థితి ఏ సర్వే గళ్లలోనూ ఇమడదు. యాభై ఏళ్లు ఒకే పైకప్పు కింద బతికిన దంపతులను వేరు చేయడం కూడా హింసేనని చాలామందికి తట్టదు.

డబ్బు దోపిడీ ఎక్కువగా చిన్న మొత్తాల్లో సాగుతుంది. పింఛను చేతికందిన రోజే మనవడు అడిగి తీసుకుంటాడు. ఏటీఎం కార్డు, దాని నంబరు కోడలి దగ్గర ఉంటాయి. చదువు రాని తల్లి చేత ‘బ్యాంకు కాగితం’ అని చెప్పి వేలిముద్ర వేయిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. తెలంగాణలో ఆసరా పథకం కింద ఇచ్చేది 2,016. చిన్న సంసారంలో ఇవి తక్కువ సొమ్మేమీ కాదు. అవ్వను ఇంట్లో ఉంచుకోవడానికి పింఛనే కారణమైన ఇళ్లున్నాయి. ఆ మేరకు పింఛను ఆమెకు రక్షణే, అదే ఆమెను పీడించడానికి కారణమూ అవుతుంది.

నిర్లక్ష్యాన్ని దగ్గరగా చూడాలంటే మంచం పట్టిన మనిషి వీపు చూడాలి. కదలలేని మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర ఎముక ఒత్తిడికి చర్మం మొదట ఎర్రబడుతుంది, తరవాత నల్లబడి పుండవుతుంది. ముదిరితే ఎముక కనిపిస్తుంది. అలాంటి పుండు ఒక్క రోజులో పడదు. మంచి చాకిరీ చేసినా కొందరికి పుండ్లు పడతాయన్నది నిజమే. కానీ దుర్వాసన, అట్టకట్టిన పక్కబట్టలు, పెరిగిన గోళ్లు, ఎండిన నాలుక కలిసి ఉంటే చూసిన నర్సుకు సంగతి అర్థమవుతుంది. మాటిమాటికీ పక్క మార్చాల్సి వస్తుందని మంచినీళ్లు తక్కువగా పట్టడం ఇళ్లలోనూ, కొన్ని వృద్ధాశ్రమాల్లోనూ జరిగే పనే. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆ వెనుకే మతి తప్పిన మాటలు వస్తాయి. ఆ మాటలను ఇంట్లోవాళ్లు చాదస్తమని కొట్టిపారేస్తారు.

చేసేవాళ్లందరూ దుర్మార్గులు కారు. మతిమరుపు రోగిని రాత్రింబవళ్లు ఒక్కతే చూసుకునే కోడలు, నిద్ర లేక ఒక రోజు చెయ్యి చేసుకుంటుంది. ఆమెకు శిక్ష కన్నా ముందు కావలసింది వారానికో పూట సెలవు. అలాంటి ఊరట సేవలు మన దగ్గర దాదాపు లేవు. ఊరట అవసరమైన ఇంటినీ, రక్షణ అవసరమైన ఇంటినీ వేరుగా పోల్చుకోవడం ఈ పనిలో సగం నైపుణ్యం.

బాధితులు ఎందుకు చెప్పరు? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది గనక. కొడుకు మీద ఫిర్యాదు చేస్తే నలుగురిలో పరువు పోయేది తమ పెంపకానికే అనుకుంటారు. అర్జీ పెట్టి సాయంత్రానికి తిరిగి అదే ఇంటికి వెళ్లాలి, అదే చేతి అన్నం తినాలి.

2007 చట్టం

అరవై నిండిన ప్రతి భారత పౌరుడూ ఈ చట్టం ప్రకారం వయోవృద్ధుడే. తల్లిదండ్రులైతే అరవై నిండకపోయినా అర్హులే. కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు మైనర్లు కాకపోతే బాధ్యులు. పిల్లలు లేనివారికి, వారి ఆస్తి అనుభవిస్తున్న లేదా అది సంక్రమించబోయే బంధువు బాధ్యుడు. తమ సంపాదనతో, ఆస్తితో బతకలేని పెద్దలు నెలవారీ పోషణ కోరవచ్చు. విచారించే ట్రైబ్యునల్‌కు సబ్ డివిజన్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షుడు. మన దగ్గర ఆర్డీఓ. నోటీసు అందాక తొంభై రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో ముప్పై రోజులు. పోషణ మొత్తం నెలకు 10,000 రూపాయలు మించకూడదు. చెల్లించకపోతే నెల వరకూ జైలు. పెద్దవాళ్లను ఎక్కడైనా వదిలేసి పోతే మూడు నెలల వరకూ జైలు, లేదా 5,000 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. అప్పీలు కలెక్టరు స్థాయి అధికారి దగ్గర. లాయర్లు ప్రవేశించరాదని 17వ సెక్షన్ అంటుంది. పేదవాడికి ఖర్చు తప్పుతుందని అలా పెట్టారు. ఆ నిషేధం చెల్లదని కేరళ హైకోర్టు 2021లో అంది.

పోషణ కోసం మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లే దారి అంతకు ముందు నుంచే ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌గా ఉన్నది 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. పెళ్లైన కూతురు కూడా తల్లిదండ్రులను పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది. 2007 చట్టం తెచ్చిన అసలు మార్పు, కోర్టు మెట్లు ఎక్కకుండా రెవెన్యూ ఆఫీసులోనే పని జరిగేలా చేయడం. సోమవారం తెలంగాణలో ప్రజావాణి జరిగే కలెక్టరేట్లలో, ఆంధ్రలో గ్రీవెన్సు హాళ్లలో పట్టాల అర్జీలూ రేషన్ కార్డు అర్జీలూ పట్టుకున్నవారి మధ్య ‘కొడుకు అన్నం పెట్టడం లేదు’ అనే కాగితం పట్టుకున్నవారూ కనిపించడం అందుకే.

జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులు పట్టే ఆశ్రమాలతో మొదలుపెట్టి దశలవారీగా ‘ఏర్పాటు చేయవచ్చు’ అని 19వ సెక్షన్ చెబుతుంది. ‘చేయాలి’ అని రాయకపోవడం పొరపాటు కాదు, రాష్ట్రాల ఖజానాను చూసి రాసిన మాట అది.

రాసిచ్చాక

ట్రైబ్యునళ్లలో గట్టిగా పోరాటం జరిగేది నెలకు ఇచ్చే మూడు నాలుగు వేల మీద కాదు, 23వ సెక్షన్ మీద. పెద్దలు ఆస్తి రాసిచ్చి, దాన్ని పుచ్చుకున్నవారు కనీస అవసరాలు చూస్తామన్న షరతును తప్పితే, ఆ బదిలీని మోసంతోనో బలవంతంతోనో జరిగినదిగా భావించి రద్దు చేయవచ్చు. చట్టం అమల్లోకి వచ్చాక జరిగిన బదిలీలకే ఇది వర్తిస్తుంది.

షరతు కాగితంలో ఉండాలా, అర్థం చేసుకుంటే చాలా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట బల్ల వేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి, దాన సెటిల్‌మెంట్ అనగానే చేతికొచ్చిన వరస రాసుకుపోతాడు: ప్రేమాభిమానాలతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, నేటి నుంచి సర్వహక్కులతో. తిండి, మందులు, ఉండేందుకు గది గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. అడగడానికి తండ్రికి మొహమాటం. సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛిక్కారా కేసులో, షరతు ఉన్నట్టు రుజువు కానిదే 23వ సెక్షన్ పనికిరాదంది. ప్రేమాభిమానాలే షరతు కిందికి వస్తాయని మద్రాసు హైకోర్టు ఉదారంగా చూసిన సందర్భమూ ఉంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో సుప్రీంకోర్టు, ఇది పెద్దల మేలు కోరి చేసిన చట్టం కనక ఆ దృష్టితోనే చదవాలని, ట్రైబ్యునల్ ఆస్తిని తిరిగి స్వాధీనం కూడా చేయించగలదని చెప్పింది. అయితే ఆ కేసులో కొడుకు రాసిచ్చిన హామీ పత్రం చేతిలో ఉంది. కాబట్టి ఆచరణలో దారి ఒకటే: బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే హక్కు, పోషణ, వైద్యం చూసే షరతు, తప్పితే రద్దు చేసుకునే హక్కు దస్తావేజులోనే రాయించుకోవడం. అంతకన్నా క్షేమం వీలునామా; చనిపోయేదాకా అది అమల్లోకి రాదు, మనసు మారితే మార్చుకోవచ్చు.

ఇదే చట్టాన్ని వంకర పనులకూ వాడారు. కొడుకు, కోడలు గొడవపడితే కొడుకు పక్కకు తప్పుకుని, అత్తమామల చేత ‘మా ఇల్లు ఖాళీ చేయించండి’ అని అర్జీ పెట్టించిన కేసులు వచ్చాయి. 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు, గృహహింస చట్టం కోడలికిచ్చిన ఉమ్మడి నివాస హక్కును ఈ దొడ్డిదారిన కొట్టేయకూడదని, రెండు చట్టాలనూ కలిపి చదవాలని చెప్పింది. 2005 నాటి ఆ గృహహింస చట్టం ముసలి తల్లికి కూడా పనికొస్తుందని చాలామందికి తెలియదు. ‘వయోజనుడైన పురుషుడి’ మీదే ఫిర్యాదు చేయాలన్న పరిమితిని 2016లో సుప్రీంకోర్టు కొట్టేశాక, ఆమె కోడలి మీద, కూతురి మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు.

గొలుసులు

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర నడుస్తున్న ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమం పాక అంటుకుంది. 28 మంది చనిపోయారు. వారిని గొలుసులతో కట్టి ఉంచడంతో పరుగెత్తలేకపోయారు. సుప్రీంకోర్టు ఆ ఘటనను తనంతట తాను విచారణకు తీసుకుంది.

2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసు వేయడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. 2007 చట్టం కన్నా ఇది ఒక మెట్టు ముందుంది. మానసిక రోగిని ఇంట్లో హింసిస్తున్నారనో, పట్టించుకోవడం లేదనో నమ్మే కారణం ఉంటే పోలీస్ స్టేషన్ అధికారి మేజిస్ట్రేటుకు నివేదించి తీరాలి. వీధుల్లో తిరుగుతున్న రోగిని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, దివ్యాంగుడిని హింసిస్తున్నారని తెలిస్తే ఎవరైనా, పొరుగువారైనా, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు చెప్పవచ్చు. ఆయన పోలీసులతో ఆ మనిషిని విడిపించవచ్చు. తన సంరక్షణలో ఉన్న దివ్యాంగుడికి తెలిసీ తిండి, నీళ్లు ఇవ్వకపోతే ఆరు నెలల నుంచి అయిదేళ్ల జైలు. పక్కపక్కన పెట్టి చూడండి: ముసలి తల్లిని వదిలేస్తే మూడు నెలలు.

కొడుకు కాగితం మీద, తల్లి మంచం మీద

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి పద్దెనిమిది దాటాక సంరక్షకుడిని నియమించే మార్గం 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో ఉంది. కలెక్టరు ఉండే స్థానిక కమిటీ ఆ పని చేస్తుంది. మతిమరుపు వ్యాధి వచ్చిన ముసలివారికి అలాంటి సులువైన దారి లేదు. తండ్రి సంతకం పెట్టలేడు, ఆయన ఖాతాలోని డబ్బుతోనే ఆయనకు వైద్యం చేయించాలి, బ్యాంకు ఒప్పుకోదు. చివరికి హైకోర్టులో రిట్ వేయాలి. కోమాలో ఉన్నవారి విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. దారి లేనప్పుడు జనం అడ్డదారి తొక్కుతారు. ఒక కొడుకు సదుద్దేశంతో వేయించిన వేలిముద్రకూ, మరో కొడుకు దోచుకోవడానికి వేయించిన వేలిముద్రకూ కాగితం మీద తేడా కనపడదు.

విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లల తల్లిదండ్రుల సంగతి ఇంకో రకం. నెలనెలా డబ్బు వస్తుంది; పోషణ చట్టం పరిభాషలో వారికి ఏ లోటూ లేదు. బ్యూరో పంపిన కేర్‌టేకర్ చేతిలో ఇల్లంతా ఉంటుంది. వీడియో కాల్‌లో కనిపించేది ముఖమే, వీపు కాదు.

ఎవరు వెళ్లి చూస్తారు

2007లోనే స్కాట్లండ్ పార్లమెంటు కూడా నిస్సహాయ వయోజనుల రక్షణకు ఒక చట్టం చేసింది. అక్కడి బోర్డర్స్ ప్రాంతంలో మేధో వైకల్యమున్న ఒక స్త్రీ ఏళ్ల తరబడి హింసకు గురైతే, అధికారులకు సమాచారం ఉండీ ఆపలేకపోయారని తేలడం దానికి దారి తీసిన కారణాల్లో ఒకటి. ఆ చట్టం ప్రకారం, హాని జరుగుతోందన్న అనుమానం కలిగితే విచారించడం స్థానిక కౌన్సిల్ బాధ్యత. అధికారి ఇంటికి వెళతాడు, ఆ మనిషితో ఏకాంతంగా మాట్లాడతాడు. ‘నాకు సాయం వద్దు’ అంటే ఆగాలి. ఆ మాట ఇంట్లోవారి ఒత్తిడితో వచ్చిందని తేలితే మాత్రం ఆగనక్కర్లేదు. ఇంగ్లండులో 2014 కేర్ యాక్ట్ 42వ సెక్షన్ కూడా ఇలాగే విచారణను బాధ్యతగా పెట్టింది. అదే చట్టం, ముసలివారిని బలవంతంగా ఇల్లు కదిలించేందుకు 1948 నుంచి ఉన్న అధికారాన్ని రద్దు చేసింది. విచారించే బాధ్యత పెంచారు, ఎత్తుకుపోయే అధికారం తీసేశారు. ఈ రెండూ కలిసి రావడం ఆలోచించదగ్గ విషయం. అక్కడా లోపాలకు కొదవ లేదు. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ ఆసుపత్రిలో మేధో వైకల్యమున్నవారిని సిబ్బంది కొట్టడం 2011లో బీబీసీ రహస్య కెమెరాతో చూపేదాకా ఆగలేదు.

మన 2007 చట్టంలో ట్రైబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టవచ్చు. అర్జీ పెట్టలేని వారి తరఫున మరొకరు, ఒక సంస్థ పెట్టవచ్చు. అయినా నడక మాత్రం ఇంటి నుంచి ఆఫీసుకే. దీన్ని తిరగేసే నిబంధన ఒకటి కేంద్రం 2009లో పంపిన నమూనా నియమావళిలో ఉంది: ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితా ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఉండాలి, కానిస్టేబులో మరొకరో సామాజిక కార్యకర్తతో కలిసి నెలకోసారైనా వాళ్లింటికి వెళ్లి రావాలి. చదవడానికి ఎంతో బాగుంది. అయితే ఒంటరిగా ఉన్నవారి గురించే అది చెబుతుంది. కొడుకు ఇంట్లో ఉంటూ ఒంటరైనవారు ఆ జాబితాలోకి రారు.

14567 నంబరుతో ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేసే ఎల్డర్ లైన్‌కు బీజం పడింది హైదరాబాదులోనే. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ 2017లో తెలంగాణ ప్రభుత్వంతో కలిసి ప్రారంభించిన ఆ సేవను తరవాత దేశమంతటికీ విస్తరించారు. ఫోను ఎత్తి ఊరుకోకుండా, రోడ్డు మీద వదిలేసినవారి దగ్గరికీ ఇళ్లలో గొడవల దగ్గరికీ క్షేత్ర సిబ్బంది వెళ్లడం అందులో ఉన్న మేలు.

ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదటి రోజున పింఛను పట్టుకుని గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగి దాన్ని అందుకునే ప్రతి వృద్ధుడి ఇంటికీ వెళతాడు. మంచం దాకా వెళ్లి వేలిముద్ర తీసుకుంటాడు, మనిషి ముఖం చూస్తాడు. ఇంత క్రమంగా ఇంటి గడప దాటి లోపలికి వెళ్లే ప్రభుత్వ మనిషి మరొకరు లేరు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, వీపు మీద పుండుందా అని అడిగే పని మాత్రం ఆయన విధుల్లో లేదు.

2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకొచ్చిన సవరణ బిల్లు ఈ లోటును కొంత పూడ్చేది. అల్లుడినీ కోడలినీ బాధ్యుల్లో చేర్చింది, 10,000 పరిమితిని ఎత్తేసింది, వేధింపు అంటే ఏమిటో నిర్వచించింది, ప్రతి పోలీస్ స్టేషన్‌లో వృద్ధుల వ్యవహారాలకు ఒక అధికారిని, జిల్లాకో ప్రత్యేక విభాగాన్ని పెట్టమంది. స్థాయీ సంఘం పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చింది. 2024లో పదిహేడో లోక్‌సభతో పాటే బిల్లూ మురిగిపోయింది.